కారులో కూలెంట్ తగ్గిందన్న హెచ్చరిక: కారణం కనిపెట్టడం ఎలా, మరమ్మతుకు ఎంతవుతుంది? – తరచుగా అడిగే ప్రశ్నలు

డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. కూలెంట్ తగ్గిందనే అర్థమా?

ముందుగా తేల్చుకోవలసింది ఇదే. కూలెంట్ అంటే ఇంజిన్‌ను చల్లార్చడానికి దాని గుండా తిరిగే ద్రవం. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి కూలెంట్ మట్టాన్ని చూసే సెన్సర్ అసలు ఉండదు, కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్ మాత్రమే ఉంటుంది. అలల మీద నిలబెట్టిన థర్మామీటరు లాంటి గుర్తు నీలంగా వెలిగితే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని, ఎర్రగా వెలిగితే మితిమీరి వేడెక్కిందని అర్థం. పొద్దున్నే బండి తీసినప్పుడు నీలం దీపం కాసేపు వెలిగి ఆరిపోవడం మామూలే. మట్టం సెన్సర్ ఉన్న కార్లలో, ఉదాహరణకు ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో, కూలెంట్ సరిచూసుకోమనే సందేశం వేడితో సంబంధం లేకుండా వస్తుంది. మీ కారు ఏ రకమో యజమాని పుస్తకంలో ఒక్కసారి చూసి పెట్టుకుంటే ఆపద సమయంలో తడుముకోనక్కరలేదు.

మట్టం దీపం ముందుగా అందే కబురు, వేడి దీపం ఆలస్యంగా అందే కబురు. వేడి సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉన్నంతసేపే సరైన లెక్క చెబుతుంది. కూలెంట్ అంతా కారిపోయి సెన్సర్ ఖాళీలో మిగిలిపోతే, లోపల ఇంజిన్ మాడిపోతున్నా డ్యాష్‌బోర్డు మీద వేడిని చూపే ముల్లు కిందికి దిగవచ్చు. ఎక్కిన ముల్లు దానంతట అదే దిగింది గదా అని సంతోషించి మరో పది కిలోమీటర్లు నడిపి ఇంజిన్ పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఏ కారణమూ లేకుండా ముల్లు హఠాత్తుగా పడిపోతే బండి ఆపి చూడవలసిందే.

దారి మధ్యలో దీపం వెలిగితే వెంటనే ఏం చేయాలి?

మట్టం దీపం మాత్రమే వెలిగి, ముల్లు మామూలు చోటనే ఉంటే, భద్రమైన చోటు చూసుకుని ఆపి, ఇంజిన్ చల్లారాక కూలెంట్ డబ్బాలో మట్టం చూడండి. ఎర్రటి వేడి దీపం వెలిగినా, ముల్లు ఎర్ర గీత దాటినా, ఏసీ కట్టేసి మొదటి అవకాశంలోనే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. శ్రీశైలం ఘాటు వంటి చోట మలుపులో ఆపడానికి వీలుకాకపోతే, అద్దాలు దించి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, బ్లోయర్‌ను నిండుగా పెట్టండి. హీటర్ అంటే లోపల ఉన్న ఒక చిన్న రేడియేటరే, అంటే కూలెంట్ వేడిని గాలికి వదిలే జాలీ, కాబట్టి ఇంజిన్ వేడిలో కొంత భాగాన్ని అది మీ ముఖం మీదికి తోలేస్తుంది. మే నెలలో అది నరకమే గాని, ఆపుకునే చోటు దొరికేదాకా ఇంజిన్‌ను కాపాడుతుంది. అయితే కూలెంట్ పూర్తిగా పోయి ఉంటే ఈ చిట్కా పనిచేయదు, హీటర్ నుంచి వేడి గాలి రాకపోవడమే దానికి గుర్తు.

చల్లారాక మట్టం కొద్దిగా మాత్రమే తగ్గి ఉంటే, పోసుకుని, ముల్లు మీద కన్నేసి దగ్గరి షెడ్డు దాకా నడపవచ్చు. పోసిందంతా కళ్ల ముందే కింద కారిపోతుంటే మాత్రం బండి కదపకూడదు. జాతీయ రహదారి మీద 1033 నంబరుకు ఫోన్ చేయవచ్చు. చాలా బీమా పాలసీలతో రోడ్డు సహాయం నంబరు కూడా ఇస్తారు, అది ఫోనులో ముందే దాచుకోవాలి. ఈనాటి ఇంజిన్లలో హెడ్, అంటే సిలిండర్లను పైనుంచి మూసే భాగం, అల్యూమినియంతో చేసినది. అతి వేడిలో కొద్ది నిమిషాలు నడిచినా అది వంకర పోవచ్చు. టోయింగ్‌కు మూడు వేలు ఎందుకు దండగ, షెడ్డు రెండు కిలోమీటర్లేగా అన్న లెక్క ముప్పై వేల బిల్లుతో ముగిసిన సందర్భాలు మెకానిక్కులందరికీ తెలుసు.

రేడియేటర్ మూత ఎప్పుడు తీయవచ్చు?

వేడి మీద ఎప్పుడూ తీయకూడదు. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిసిన కూలెంట్ మామూలు వాతావరణ పీడనంలో దాదాపు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత లోపలి స్ప్రింగు దాదాపు 1.1 బార్ అదనపు పీడనాన్ని పట్టి ఉంచడం వల్ల అదే ద్రవం 125 డిగ్రీలు దాటేదాకా మరగకుండా ఉంటుంది. మూత తిప్పిన మరుక్షణం ఆ పీడనం పోతుంది, అంతవరకు అణిగి ఉన్న ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం ముప్పావు గంట ఆగి, రేడియేటర్ పైభాగాన ఉండే లావు హోస్ పైపును గుడ్డతో నొక్కి చూడండి. మెత్తగా అణిగితే లోపల పీడనం లేనట్టు, రాయిలా బిగుసుకుని ఉంటే ఇంకా ఆగవలసినట్టు. తర్వాత కూడా మందపాటి గుడ్డ కప్పి, మొదట పావు చుట్టే తిప్పి, బుసబుస శబ్దం ఆగాక పూర్తిగా తీయాలి. కాలిపోతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరించడం కూడా ప్రమాదమే, ఆ దెబ్బకు హెడ్డో, సిలిండర్లుండే బ్లాకో పగలవచ్చు.

వాడకంలో కూలెంట్ తగ్గుతూనే ఉంటుందని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?

చాలా వరకు నిజం కాదు. కూలెంట్ పెట్రోలులా మండిపోదు, ఇంజిన్ ఆయిల్‌లా కొద్దికొద్దిగా కాలిపోదు. అది మూసిన దారిలో తిరిగి తిరిగి వచ్చేది. సంవత్సరం మొత్తంలో వేలెడంత మట్టం తగ్గితే దాన్ని ఆవిరి లెక్కలో రాసుకోవచ్చు. నెలకోసారి అర లీటరు పోయవలసి వస్తుంటే మాత్రం అది ఎక్కడికో పోతున్నట్టే, ఆ చోటు పట్టుకోవాలి. పోస్తూ కూర్చుంటే కారణం ముదురుతుంది, చివరికి ఒక రోజు పోసే అవకాశం కూడా ఇవ్వకుండా ఊరి బయట నిలబెడుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కూలెంట్ మార్చిన కొత్తలో, లేదా ఏదైనా హోస్ విప్పి బిగించిన తర్వాత, లోపల చిక్కుకున్న గాలి బుడగలు మెల్లగా బయటికి వచ్చి మట్టం ఒకటి రెండు సార్లు తగ్గుతుంది. ఆ పని సరిగా చేసి ఉంటే వారంలో కుదురుకుంటుంది.

డబ్బాలో కూలెంట్ నిండుగానే ఉంది, అయినా ఇంజిన్ వేడెక్కుతోంది. అదెలా?

కూలెంట్ డబ్బాలు రెండు రకాలని చాలామందికి తెలియదు. మారుతి, హ్యుందాయ్ వంటి కంపెనీల చాలా మోడళ్లలో పీడనం పట్టే మూత రేడియేటర్ మీద ఉంటుంది, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా కేవలం పొంగింది పట్టుకునే పాత్ర. ఇంజిన్ వేడెక్కినప్పుడు ఉబ్బిన కూలెంట్ సన్నటి గొట్టం ద్వారా డబ్బాలోకి వస్తుంది, చల్లారినప్పుడు తిరిగి రేడియేటర్‌లోకి పీల్చబడుతుంది. ఆ మూతలోని చిన్న వాల్వు చెడినా, సన్న గొట్టం చీలినా, వెళ్లిన కూలెంట్ తిరిగి రాదు. అప్పుడు డబ్బా నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉంటాయి. చల్లారిన తర్వాత పై హోస్ పైపు చప్పిడిగా లోపలికి పీక్కుపోయి కనిపిస్తే ఈ మూతనే అనుమానించాలి. ఐరోపా కార్లలో, ఇటీవలి చాలా మోడళ్లలో డబ్బాయే పీడనం కింద ఉంటుంది కాబట్టి అందులో కనిపించే మట్టమే అసలు మట్టం.

మొదటి రకం కారు ఉన్నవారు నెలకోసారి, తెల్లవారుజామున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ మూత కూడా తీసి చూడడం మంచిది. కూలెంట్ అంచుదాకా కనిపించాలి.

లీకు ఎక్కడుందో ఇంటి దగ్గరే కనిపెట్టగలమా?

సగానికి సగం సందర్భాల్లో కనిపెట్టగలం, కావలసిందల్లా ఓపిక, ఒక టార్చిలైటు. రాత్రి బండి పెట్టేటప్పుడు ఒక పెద్ద అట్టపెట్టెను విప్పి ఇంజిన్ కింద పరచండి. పొద్దున మరక ఏ మూల పడిందో దాన్ని బట్టి సగం జవాబు దొరుకుతుంది. తడి కనిపించకపోయినా నిరాశ పడనక్కరలేదు, ఎందుకంటే కూలెంట్ వేడి మీద బయటికొచ్చి ఆవిరైపోయినా రంగు పొడి వదిలి వెళుతుంది. నా పాత కారుకు మూడు నెలలు అంతు చిక్కని లీకు అలాగే బయటపడింది. కింది హోస్ పైపు క్లిప్పు వెనక, చేతికి అందని వైపున, ఎండిన పటికలా గులాబీ రంగు పొక్కు ఆవగింజలంత గింజలుగా పేరుకుని ఉంది. గోటితో గీరితే పొడిగా రాలింది, కింద రబ్బరు మీద వెంట్రుకంత చీలిక ఉంది. ఇంజిన్ వేడి మీద ఆ చీలిక తెరుచుకునేది, చల్లారాక మూసుకునేది. అందుకే పొద్దున ఎప్పుడు చూసినా నేల పొడిగా ఉండేది.

చూడవలసిన చోట్లలో మొదటిది రేడియేటర్ పక్కల అల్యూమినియం జాలీకి ప్లాస్టిక్ తొట్టి బిగించిన అంచు, ఏళ్లు గడిచేకొద్దీ అక్కడే పగులుతుంది. తర్వాత ప్రతి హోస్ చివరన ఉన్న క్లిప్పు, వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ బిగించిన ప్లాస్టిక్ లేదా అల్యూమినియం గూడు, కూలెంట్ డబ్బా అతుకు గీత. కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు కింద ఒక చిన్న రంధ్రం కావాలనే పెడతారు. లోపలి సీలు అరిగినప్పుడు కూలెంట్ బేరింగులోకి పోకుండా ఆ రంధ్రం ద్వారా బయటికి వస్తుంది. అక్కడ చార కనిపిస్తే పంపు మార్చవలసిన రోజు దగ్గర పడినట్టే. ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసిన ఘనులు కూడా ఉన్నారు, వారం తిరగకుండా బేరింగు పట్టేసింది.

సీఎన్‌జీ కిట్టు బిగించిన కార్లలో ఇంకొక చోటు కూడా చూడాలి. సిలిండరులోని గ్యాసు పీడనం తగ్గేటప్పుడు, ఆ పీడనాన్ని తగ్గించే రెడ్యూసర్ గడ్డకట్టేంత చల్లబడుతుంది కాబట్టి, దాన్ని వెచ్చగా ఉంచడానికి ఇంజిన్ కూలెంట్‌ను రెండు సన్న పైపులతో దాని గుండా తిప్పుతారు. బయట బిగించిన కిట్లలో ఆ పైపులను అసలు హోస్‌ను కోసి అతికిస్తారు, ఆ అతుకులే తరచుగా కారతాయి. సీఎన్‌జీ మీద బండి కుదుపులు పెడుతూ, రెడ్యూసర్ మీద మంచు పడుతుంటే, దానికి అందే కూలెంట్ తగ్గిందేమో చూడాలి.

ఎలుకల సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. బహుళ అంతస్తుల సెల్లారుల్లో పెట్టే కార్లకు వైర్ల తర్వాత వాటికి ఇష్టమైనవి హోస్ పైపులే. మా బంధువొకరి కారుకు హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య సీలుగా వేసే పలక) పోయిందని ఒక షెడ్డులో తేల్చి, ఇంజిన్ పైభాగమంతా విప్పారు. తీరా చూస్తే వెనకనున్న హీటరు పైపును ఎలుక కొరికింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమన్న సామెత ఆ రోజు అక్షరాలా నిజమైంది, తవ్వకానికి పద్నాలుగు వేలు పట్టింది.

కారు కింద మడుగు కట్టింది. అది కూలెంటేనా, ఏసీ నీళ్లా?

వేలితో ముట్టి చూడండి. ఏసీ నీళ్లు రంగు, వాసన, జిగురు లేకుండా, సాధారణంగా ముందు ఎడమ సీటు ఎదుటి భాగం కింద పడతాయి. కూలెంట్‌కు రంగు ఉంటుంది, వేళ్ల మధ్య జిడ్డుగా జారుతుంది, తీపి వాసన వేస్తుంది. రుచి మాత్రం చూడవద్దు, అది విషం.

బయట ఎక్కడా తడి లేదు, రంగు చారలు లేవు. అయినా తగ్గుతోంది. మరి ఎక్కడికి పోతోంది?

మూడు దారులున్నాయి. మొదటిది హీటరు చిన్న రేడియేటర్. అది కారితే కారులో తీపి వాసన, ముందు కార్పెట్టు కింద తడి, అద్దం లోపలి వైపు తుడిచినా పోని జిడ్డు పొర కనిపిస్తాయి. హైదరాబాదులో హీటరు వాడేది ఏడాదికి పది రోజులే అయినా, చాలా కార్లలో కూలెంట్ అందులోకి ఏడాది పొడుగునా వెళుతూనే ఉంటుంది.

రెండోది డీజిల్ కార్ల ఈజీఆర్ కూలర్. పొగలో కొంత భాగాన్ని చల్లార్చి తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఆ పెట్టె లోపల కూలెంట్ గొట్టాలుంటాయి. అవి చిల్లు పడితే కూలెంట్ నేరుగా ఇంజిన్‌లోకో సైలెన్సర్‌లోకో పోయి ఆవిరవుతుంది. లక్షణాలు హెడ్ గాస్కెట్ పోయినప్పటిలాగే ఉంటాయి కాబట్టి డీజిల్ కారుకు హెడ్ విప్పే ముందు దీన్ని విడిగా పరీక్షించమని అడగాలి.

మూడోది అందరూ భయపడే హెడ్ గాస్కెట్.

హెడ్ గాస్కెట్ పోయిందంటున్నారు. ఒప్పుకునే ముందు ఏం చూడాలి?

తెల్లటి పొగ ఒక్కటే సాక్ష్యం కాదు. డిసెంబరు ఉదయాన ఆరోగ్యంగా ఉన్న కారు కూడా కాసేపు తెల్లగా ఆవిరి వదులుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తర్వాత కూడా తీపి వాసనతో దట్టమైన తెల్లపొగ వస్తుంటే అనుమానించాలి. ఆయిల్ మూత అడుగున మీగడ లాంటి పదార్థం కనిపించినా వెంటనే తీర్పు చెప్పకూడదు, రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే కార్లలో చెమ్మ వల్ల కూడా అలా పడుతుంది. ఆయిల్ కొలిచే పుల్లకు అంటినది కూడా కాఫీలా పాలు కలిసినట్టుంటే అది గట్టి సాక్ష్యం.

దీనికి ఖాయమైన పరీక్ష ఒకటుంది. రేడియేటర్ మూత చోట ఒక గాజు గొట్టం పెట్టి, అందులోని నీలి ద్రవం గుండా కూలెంట్ పైనున్న గాలిని పీలుస్తారు. సిలిండరులో కాలిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల నీలం పసుపుగా మారుతుంది. పది నిమిషాల పని, ఐదారు వందల రూపాయలకు మించదు. రాత్రంతా చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా బిగుసుకుంటే అదీ ఇదే కథ చెబుతుంది. ఈ పరీక్షలేవీ చేయకుండా కేవలం అనుభవంతో హెడ్ విప్పుతానంటే ఇంకో షెడ్డుకు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

బయటి లీకులకు కూడా ఇలాంటి పరీక్షే ఉంది. చేతిపంపు లాంటి సాధనాన్ని మూత చోట బిగించి, మూత మీద రాసి ఉన్న పీడనం దాకా గాలి కొట్టి, పావు గంట ఆగి చూస్తారు. ముల్లు కదలకపోతే లీకు లేదు, తగ్గితే ఆ పీడనం మీదే ఎక్కడినుంచో చుక్క బయటపడుతుంది. మూతను కూడా అదే సాధనంతో పరీక్షించవచ్చు.

ఘాటు ఎక్కేటప్పుడో, బ్రేకు వేసినప్పుడో మాత్రమే దీపం వెలిగి ఆరిపోతోంది. సెన్సర్ చెడిందా?

చాలాసార్లు సెన్సర్ నిజమే చెబుతోంది. మట్టం కనీస గీతకు కొద్దిగా కింద ఉంటే, చదునైన రోడ్డు మీద సరిపోయినా ఎత్తు ఎక్కేటప్పుడు కూలెంట్ డబ్బాలో ఒక పక్కకు ఒరిగి సెన్సర్ కూలెంట్ బయట పడుతుంది. పావు లీటరు పోస్తే ఆరిపోయే ఈ దీపానికి సెన్సరు, డబ్బా రెండూ మార్పించుకున్నవారిని చూశాను. మట్టం సరిగా ఉండి కూడా వెలుగుతుంటే అప్పుడు సెన్సర్ వంతు వస్తుంది. కొన్ని కార్లలో తేలే బెండులో అయస్కాంతం ఉంటుంది, మరికొన్నింటిలో రెండు లోహపు పుల్లలు కూలెంట్ గుండా కరెంటు పారుతోందా అని చూస్తాయి. పుల్లల మీద పాచి పట్టినా, కూలెంట్ బదులు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోసినా, అవి పొరబడవచ్చు. డబ్బా కడిగి, కనెక్టరు తుడిచి, సరైన కూలెంట్ పోసిన తర్వాతే కొత్తది కొనాలి.

కూలెంట్ బదులు మంచినీళ్లు పోయవచ్చా?

ఆపదలో పోయవచ్చు, అలవాటుగా పోయకూడదు. దారిలో దొరికే మినరల్ వాటరు సీసా మంచిదే, బోరు నీళ్లకన్నా వెయ్యి రెట్లు మేలు. తెలంగాణలోను, రాయలసీమలోను చాలా ఊళ్ల బోరు నీళ్లు ఎంత కఠినమైనవో వంటింట్లో నీళ్లు కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. ఆ తెల్లటి పెచ్చే రేడియేటర్ సన్న గొట్టాల్లో కూడా కడుతుంది. ఇంటికి చేరాక ఆ నీళ్లన్నీ వదిలి, కడిగించి, కూలెంట్ నింపించాలి.

మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకని అడిగేవారున్నారు. గడ్డకట్టకుండా చూడడం కూలెంట్ పనుల్లో ఒకటి మాత్రమే. రామగుండం, రెంటచింతల ఎండల్లో మనకు కావలసింది మరిగే వేడిని పెంచడం, తుప్పు పట్టనీయకపోవడం, పంపు సీలును కాపాడడం. నీళ్లతోనే నడిచిన ఇంజిన్లలో బ్లాకుకు బిగించిన బిళ్ల మూతలు, అంటే కోర్ ప్లగ్గులు, లోపలినుంచి తుప్పు పట్టి చిల్లులు పడతాయి.

పచ్చదా, గులాబీదా? రంగు చూసి కలపవచ్చా?

రంగుకు ప్రమాణం లేదు, తయారీదారు ఏ రంగైనా వేయవచ్చు. పాతరకం పచ్చ కూలెంట్లను సాధారణంగా రెండేళ్లకోసారి, సేంద్రియ ఆమ్లాలతో చేసిన కొత్తరకాలను ఐదేళ్ల దాకా మారుస్తారు. పొసగని రెండు రకాలు కలిస్తే తుప్పు నిరోధకాలు పనిచేయవు, కొన్నిసార్లు జావలా చిక్కబడతాయి. పుస్తకంలో రాసిన ప్రమాణం, సీసా మీద ఉన్న ప్రమాణం కలుస్తున్నాయా అన్నదే చూడాలి. నేరుగా పోసే కూలెంటా, నీళ్లు కలపవలసిన గాఢ ద్రవమా అన్నది కూడా సీసా మీదే ఉంటుంది. గాఢ ద్రవాన్ని నీళ్లు కలపకుండా పోస్తే చల్లార్చే శక్తి పెరగదు, తగ్గుతుంది.

మొత్తం మీద ఎంత ఖర్చవుతుంది?

కింది అంకెలు హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల్లో బయటి షెడ్ల అంచనాలు మాత్రమే. మోడల్‌ను, ఊరిని బట్టి మారతాయి. కంపెనీ సర్వీసు కేంద్రంలో సాధారణంగా ఇంతకన్నా ఎక్కువవుతుంది.

అదృష్టం బాగుంటే ఖర్చు వెయ్యి రూపాయల లోపే ఉంటుంది. నేరుగా పోసే కూలెంట్ లీటరు 250 నుంచి 500 రూపాయలు, మూత 200 నుంచి 600, క్లిప్పు వంద లోపు. హోస్ పైపు ఒక్కొక్కటి 300 నుంచి 1,500 దాకా ఉంటుంది. ఒకటి చీలిందంటే మిగతావి కూడా అదే వయసువి కాబట్టి, పై కింది హోసులు రెండూ ఒకేసారి మార్చడమే లాభం. కూలెంట్ ఎలాగూ దింపుతారు, కూలీ రెండుసార్లు ఇవ్వనక్కరలేదు. చిన్న కారులో కూలెంట్ మొత్తం 4, 5 లీటర్లు పడుతుంది, పెద్ద డీజిల్ బండిలో 7 నుంచి 10 దాకా.

కూలెంట్ డబ్బా చిన్న కార్లకు 400 నుంచి 1,500, పీడనం పట్టే ఐరోపా డబ్బా అయితే 2,000 నుంచి 5,000. థర్మోస్టాట్ కూలీతో కలిపి 1,200 నుంచి 4,000. రేడియేటర్ చిన్న కార్లకు 3,500 నుంచి 8,000, ఎస్‌యూవీలకు 8,000 నుంచి 18,000. ప్లాస్టిక్ తొట్టి పగిలితే అతికించే రేడియేటర్ షాపులు ఆటోనగర్లలో ఉన్నాయి, వెయ్యి రెండు వేలలో పని అయిపోతుంది. అయితే అతుకు వేసిన రేడియేటర్‌తో తిరుమల ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది.

వాటర్ పంపుకు 2,500 నుంచి 7,000 అవుతుంది. ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: ఈ ఇంజిన్‌లో పంపును తిప్పేది వాల్వులను నడిపే లోపలి టైమింగ్ బెల్టా, బయటి బెల్టా? టైమింగ్ బెల్టే అయితే పంపు కోసం అదెలాగూ విప్పుతారు, కనుక బెల్టు వయసు మీరుతుంటే రెండూ కలిపి మార్చాలి. ఖర్చు 8,000 నుంచి 20,000 దాకా పోయినా, ఆరు నెలల తర్వాత అదే కూలీ మళ్లీ ఇచ్చుకోవడం తప్పుతుంది.

హీటరు రేడియేటర్ వస్తువుగా చవకే, మూడు నాలుగు వేలు. కాని చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి కాబట్టి కూలీతో కలిపి 8,000 నుంచి 20,000 అవుతుంది. ఈజీఆర్ కూలర్ మోడల్‌ను బట్టి 10,000 నుంచి 35,000.

హెడ్ గాస్కెట్ వస్తువు ధర వెయ్యి నుంచి నాలుగు వేలే, బిల్లు మాత్రం చిన్న పెట్రోలు కారుకు 12,000 నుంచి మొదలై డీజిల్ ఎస్‌యూవీకి 40,000 దాటుతుంది. హెడ్ విప్పాక దాన్ని లేతుకు పంపి వంకర ఉందో లేదో చూపించి, ఉంటే ఫేసింగ్ చేయించాలి, అంటే చదును పట్టించాలి. ఈ దశ తప్పించి కొత్త గాస్కెట్ వేసి బిగిస్తే నెలల్లోనే మళ్లీ పోతుంది. హెడ్ బోల్టులు కొన్ని ఇంజిన్లలో ఒకసారికే పనికొస్తాయి, కొత్తవి వేశారో లేదో బిల్లులో చూడండి. బ్లాకు కూడా దెబ్బతింటే 60,000 నుంచి లక్షన్నర దాకా లెక్క, అప్పుడు పాత కారు విలువనూ బిల్లునూ పక్కపక్కన పెట్టి ఆలోచించవలసి వస్తుంది.

అంచనా కాగితంలో పన్ను కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నింటి మీద జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలా భాగాల మీద 28 శాతం ఉండేది. పాత లెక్క వేసి ఉంటే అడగవచ్చు. మార్చిన పాత భాగాన్ని మీ చేతికి ఇమ్మని పని మొదలు కాకముందే చెప్పండి.

మన ఎండలకు థర్మోస్టాట్ అక్కరలేదని తీసేస్తామంటున్నారు. తీయించవచ్చా?

వద్దు. థర్మోస్టాట్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు దారి మూసి, 82 నుంచి 88 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకుని, ఇంజిన్‌ను సరైన వేడిలో ఉంచుతుంది. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, చల్లని ఇంజిన్ అనుకుని కంప్యూటరు ఎక్కువ పెట్రోలు పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడు పక్కదారిని మూస్తుంది కూడా. దాన్ని తీసేస్తే కొంత కూలెంట్ రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది, అంటే ఏ వేడికి భయపడి తీయించారో ఆ వేడే పెరగవచ్చు.

లీకు ఆపే మందు సీసాలు పనిచేస్తాయా?

రేడియేటర్‌లో సూదిమొనంత చిల్లును కొన్నాళ్లు ఆపవచ్చు. చీలిన హోసును, పోయిన పంపు సీలును ఆపలేవు. చిల్లును మూసే పదార్థమే హీటరు సన్న గొట్టాలనూ మూస్తుంది. ఊరు చేరడానికి తప్ప వాడకూడదు.

బీమా వస్తుందా?

అరిగి, పాతబడి చెడిన భాగాలకు మామూలు సమగ్ర పాలసీ డబ్బు ఇవ్వదు. ముందునుంచి గుద్దుకుని రేడియేటర్ పగిలితే అది ప్రమాదం కాబట్టి ఇస్తుంది, అయితే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం తరుగు తీసేస్తారు, జీరో డిప్రిసియేషన్ తీసుకుంటే ఆ కోత ఉండదు. రేడియేటర్ పగిలిన తర్వాత కూడా నడుపుకుంటూ వచ్చి ఇంజిన్ పట్టేస్తే, ఆ రెండో నష్టాన్ని తిరస్కరించడానికి నష్టాన్ని లెక్కగట్టే బీమా సర్వేయర్‌కు కారణం దొరికినట్టే. గుద్దుకున్న చోటనే ఫోటోలు తీసి, బండి ఎత్తించుకుని వెళ్లండి.

దింపిన పాత కూలెంట్ ఎక్కడ పారబోయాలి?

కాలువలో, చెట్టు మొదట్లో పోయకూడదు. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొద్దిపాటి మోతాదు కూడా వాటి మూత్రపిండాలను చంపేస్తుంది. ఇంటి దగ్గర పని చేయించుకుంటే పళ్లెంలో పట్టి, మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఇంజిన్ ఆయిల్‌తో కలపకుండా, తీసుకునే సర్వీసు కేంద్రానికి ఇవ్వాలి. నేల మీద పడినదాన్ని ఇసుక చల్లి ఎత్తి, చోటంతా నీళ్లతో కడగాలి. పిల్లలెవరైనా మింగారన్న అనుమానం ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, సీసా కూడా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే విరుగుడు మందు మొదటి గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది.